ఎనుము గేదె అవునా, కాదా?

ప్రతి వీధికీ ఒక ఆదర్శ మానవుడు ఉండి తీరాలి. కుళాయి లేకపోయినా ఫరవాలేదు, వీధి దీపం లేకపోయినా ఫరవాలేదు. కర్నూలు బుధవారపేటలో మా వీధికి ఆ రెండూ లేవు. ఆదర్శ మానవుడు మాత్రం ఉన్నాడు. ఎవరని అడుగుతారా? అడగకండి, నాకు సిగ్గు. నేనే!

ఒక మనిషి ఉన్నట్టుండి మంచివాడైపోతే ఇరుగుపొరుగువారు ఎందుకో బెదిరిపోతారు. వాడు ఎదురొస్తే సందులోకి తిరుగుతారు. వాడు తలుపు తడితే ఇంట్లో లేమని లోపలినుంచే చెబుతారు. ఇది ఉత్త అజ్ఞానం. పక్కింట్లో తాగుబోతు ఉంటే మీకేం లాభం? వాడు తాగి పడుకుంటాడు. ఆదర్శ మానవుడు పడుకోడు. తెల్లవారకముందే లేచి మీ బాగు గురించి ఆలోచిస్తూ మీ గోడ పక్కన నిలబడి ఉంటాడు. ఇంతకంటే ఏం కావాలి మీకు?

నేను ఆదర్శ మానవుడిని అయిన తేదీ నాకు బాగా గుర్తుంది. రాజధాని మా ఊరికి వచ్చి రెండేళ్లయింది. నేను గుమాస్తాగా పనిచేసే ఆఫీసు ఒక డేరాలో ఉండేది. ఆ రోజు గాలికి డేరా సగం లేచిపోయి, మేం ఫైళ్లు పట్టుకుంటుండగా నేల సారం పెంచే సారవృద్ధి శాఖవారి జీపు వచ్చింది. మైకులో ఉపన్యాసం చెప్పి, అందరికీ ఒక్కొక్క కరపత్రం పంచింది. దాని పేరు ‘నేలతల్లి పిలుపు’.

నేలనుంచి వచ్చినది నేలకే పోవాలట. దేన్నీ వృథా చేయకూడదట. ప్రతి పౌరుడూ పెరట్లో ఆరడుగుల గుంత తవ్వి, చెత్తా పేడా కలిపి కంపోస్టు తయారు చేయాలట. చదువుతుంటే నా కళ్లు చెమర్చాయి. ముప్పైయెనిమిదేళ్లుగా నేలతల్లికి నేను చేసిందేమిటి? దానిమీద నడవడం తప్ప!

మరుసటి రోజే మొదలుపెట్టాను. పళ్లపొడి డబ్బా మానేసి వేపపుల్ల పట్టాను. సబ్బు మానేసి సీకాయ. జట్కా మానేసి కాలినడక. స్నానం నీళ్లు బీరపాదుకు మళ్లించాను. నాలుగో రోజున గడ్డం గీసుకోవడం మానేశాను, ఎందుకంటే బ్లేడు ఇనుము, ఇనుము నేలతల్లిది. ఏడో రోజున మా సూపరింటెండెంటు నన్ను ఎవరో అర్జీదారు అనుకొని రేపు రమ్మన్నాడు.

ఇంత గొప్ప మార్పు చూసి నా భార్య తిరుపతమ్మ ఆనందిస్తుందనుకున్నాను. ఆమెది కోడుమూరు. ఆ ఊరివాళ్లు తొందరపడి ఆనందించరు.

“పుల్లతో పండ్లు తోముకునేది మా ఊర్లో కుక్కలకు తప్ప అందరికీ తెల్సు” అన్నది.

నేను గుంత తవ్వడం కూడా నిలబడి చూసింది. “దీన్ని మేం దిబ్బ అంటాం. మా యమ్మ నలభై ఏండ్లు ఏసింది. ఆయమ్మకు ఎవురూ కాయితం ఇయ్యలేదే” అన్నది.

దిబ్బ వేరు, కంపోస్టు వేరు అని ఓపికగా వివరించాను. దిబ్బకు కరపత్రం లేదు. కొలత లేదు. జీపు లేదు. చదువురాని వాళ్లు వేసేది దిబ్బ, చదువుకున్నవాడు వేసేది కంపోస్టు. ఆమెకు అర్థమైనట్టు లేదు, చాట తీసుకొని లోపలికి పోయింది.

అప్పటిదాకా మా ఇంటి కాయగూరల తొక్కలు, కుడితి పాలసోమన్న ఎనుములకు పోయేవి. అందుకు సోమన్న కొసరుగా గిన్నెడు మజ్జిగ పోసేవాడు. నేను తొక్కలన్నీ గుంతకు మళ్లించాను. మజ్జిగ ఆగిపోయింది. నేలతల్లి కోసం నెలరోజులు ఉత్త చారన్నం తిన్నాం. త్యాగం అంటే ఇదే కదా!

ఇక పేడ. రెండు వంతుల చెత్తకు ఒక వంతు పేడ, మధ్యమధ్య ఎండు పుల్లలు వేయాలని కరపత్రంలో ఉంది. మా వీధిలో ఆవులు లేవు. సోమన్న ఎనుములు ఎనిమిది మాత్రం పొద్దున్నే హంద్రి నది వైపు మేతకు పోతాయి. బాల్చీ పట్టుకొని వాటి వెనక బయల్దేరాను.

మొదటి రోజే నాకు ఒళ్లు పులకరించింది. దారిపొడుగునా పేడ కుప్పలు, ఒక్కొక్క కుప్పలో నిటారుగా ఒక్కొక్క పుల్ల! ఎండు పుల్లే! అంటే కరపత్రం జనంలోకి ఎంత లోతుగా పోయిందో చూడండి. ఎవరో అజ్ఞాత దేశభక్తులు పేడా పుల్లా ముందే కలిపి, ఎత్తుకుపోవడానికి వీలుగా పెట్టారు. మనసులోనే వాళ్లకు నమస్కారం చేసి అన్నీ బాల్చీకెత్తాను. పదిహేను రోజులు ఇలాగే జరిగింది. గుంత సగం నిండింది.

మా వీధిలో సుంకమ్మ అని ఒకామె ఉంది. పదిహేనేళ్లుగా గంపతో ఎనుముల వెంట తిరిగి పేడ ఎత్తుతుంది. హంద్రి ఒడ్డున పిడకలు చరిచి వీధికంతా అమ్ముతుంది. మా ఇంట్లో నీళ్లు కాగేది కూడా ఆమె పిడకలతోనే. ఆమె భర్త ఈరప్ప బండల గనిలో కాలు విరిగి మూలన పడ్డాడు. ఆ ఇంట్లో రెండు కడుపులు ఆ ఒక్క గంపమీదే నడుస్తాయి.

ఆ పదిహేను రోజుల్లో ఆమెకూ, పక్క వీధిలో పేడ ఎత్తే భీమమ్మకూ పెద్ద తగాదా అయిందని నాకు తర్వాత తెలిసింది. ఎవరో తన పేడ ఎత్తుకుపోతున్నారని సుంకమ్మ, తాను కాదని భీమమ్మ. పదేళ్లు ఒక సంచిలోని వక్కాకు నమిలినవాళ్లు మాటలు మానేశారు. దొంగ అనేవాడు లాల్చీ తొడుక్కొని కళ్లజోడు పెట్టుకొని ఉంటాడని పాపం వాళ్లకెలా తోస్తుంది?

పదహారో రోజున సుంకమ్మ వేపచెట్టు వెనక మాటువేసి నన్ను పట్టుకుంది.

“ఏమప్పా, ఏం జేస్తాండావు?”

“కంపోస్టు చేస్తున్నానమ్మా” అన్నాను గంభీరంగా.

ఆమె నన్నూ నా బాల్చీనీ కాసేపు చూసింది. “ఆ పుల్ల నాది” అన్నది.

“పుల్ల కూడా కావాలమ్మా, కరపత్రంలో ఉంది.”

“గంప నిండితే పుల్ల గుచ్చి పోతామప్పా, మళ్లొచ్చి ఎత్తుకునేకి. పుల్ల ఉండాదంటే అది ఒకరిదని. పదైదేండ్లాయ, ఎవురూ ముట్టల్యా. దొంగలు గూడా ముట్టల్యా.”

నేను నేలతల్లి గురించి చెప్పడం మొదలుపెట్టాను. ఆమె గంప దించి నడుంమీద చేయి పెట్టుకుంది.

“ఆఫీసులో నీకు ఒక పోస్టు ఉండాది గదప్పా. మళ్లా ఈ కంపోస్టు ఎందుకు? ఇది నా పోస్టు.”

మీకు నవ్వొస్తుందేమో. నాకు రాలేదు. కంపోస్టు అనేది ఉద్యోగం కాదని, అది ఒక ఎరువు అని ఎంత చెప్పినా ఆమె నమ్మలేదు. కళ్లజోడు పెట్టుకున్నవాడు పొద్దున్నే లేచి పేడ ఎత్తుతున్నాడంటే దానికి జీతం ఉండకుండా ఎలా ఉంటుందని ఆమె వాదం. బాల్చీలోని పేడ మాత్రం గంపలోకి వంచుకొని పోయింది.

ఆ మాట ఆమె భర్తకు చెప్పింది. భర్త కిటికీలోంచి దారినపోయేవాళ్లకు చెప్పాడు. సాయంత్రానికి ఊరంతా పొక్కింది. సర్కారువారు కొత్తగా కంపోస్టులు ఇస్తున్నారు! అసలే అది రాజధాని. స్కూలు ఫైనలు ప్యాసై పోస్టు కోసం వచ్చినవాళ్లతో సత్రాలన్నీ కిటకిటలాడుతున్నాయి. ఎవరు ఎక్కువ పేడ చూపిస్తే వాళ్లకే ఉద్యోగం అని ఎవడో ముడిపెట్టాడు.

మరునాడు పొద్దున నేను బాల్చీతో బయటికి వచ్చేసరికి సోమన్న ఎనుముల వెనక పదకొండుమంది యువకులు వరుసగా నడుస్తున్నారు. అందరి చంకల్లో సర్టిఫికెట్లు. ఒకాయన బి.ఏ. అట, గొడుగు కూడా తెచ్చుకున్నాడు. ఎనుము ఆగితే వాళ్లూ ఆగుతారు. ఎనుము తోక ఎత్తితే నలుగురు ముందుకు దూకుతారు. అది తోక దించేస్తే నిట్టూర్చి మళ్లీ వరుసలో నిలబడతారు. ఏ దేశపు రాజధానిలోనైనా చదువుకున్న యువత పశుసంపదను ఇంత భక్తితో అనుసరించిందా చెప్పండి!

మూడో రోజున సోమన్న నా దగ్గరికి వచ్చి తల గోక్కున్నాడు. “ఇంతమంది సూస్తాంటే అది ఎట్లేస్తాది సామీ? మూడు దినాలాయ, పాలు గూడా ఇయ్యల్యా.”

ఈ సంగతి సారవృద్ధి శాఖకు చేరింది. కరపత్రం వేసిన నెలలోనే ఇంత ప్రజా చైతన్యం! ఆ శాఖ అధికారి కోస్తా జిల్లానుంచి వచ్చిన ఉత్సాహవంతుడు. స్వయంగా వచ్చి నా గుంత చూసి, నా చేయి పట్టుకొని ఊపి, ఆ తర్వాత చేతిరుమాలుతో తుడుచుకున్నాడు. పది రోజుల్లో నిజంగానే ఒక పోస్టు మంజూరైంది. సహాయ పేడ పర్యవేక్షకుడు!

సుంకమ్మ మా గడపలో కూర్చొని, “నాకూ అర్జీ రాసీయప్పా” అన్నది. రాశాను. అనుభవం పదిహేనేళ్లు అని, గంప సొంతం అని, ఎనుము నడక చూసే అది ఎంత దూరంలో ఆగుతుందో చెప్పగలదని కూడా రాశాను. అర్జీ మూడో రోజున తిరిగి వచ్చింది. కావలసిన చదువు స్కూలు ఫైనలు.

పోస్టు ఆలూరునుంచి వచ్చి ఎనిమిది నెలలుగా సత్రంలో కాచుకున్న కంబన్నకు దక్కింది. కుర్రవాడు చెడ్డవాడేం కాదు. అతను పేడ ఎత్తడు, ఎందుకంటే అతను పర్యవేక్షకుడు. ఎత్తేవాళ్ల పోస్టులు వచ్చే ఏడు మంజూరవుతాయి. ఈలోగా పర్యవేక్షించడానికి పేడ మిగలాలి గనుక ఒక ఉత్తరువు కూడా వెలువడింది. ‘రాజధాని నగర వీధులయందు పడు గేదెల పేడను అనుమతి లేని వ్యక్తులెవ్వరును సేకరించరాదు. సేకరించినచో శిక్షార్హులు.’

మొదటి రోజున కంబన్న ఆ కాగితం చదివి వినిపించాడు. సుంకమ్మ విని ఇంటికి పోయి గంప బోర్లించింది.

వారం గడిచింది. పేడ వీధిలోనే పడి ఉంది. అందరం తొక్కాం. ఆఫీసుకు పోయేవాళ్లు, బడికి పోయేవాళ్లు, సారవృద్ధి అధికారి కూడా తొక్కాడు. నేలతల్లినుంచి వచ్చినది నేలతల్లిమీదే ఉందిగదా అని నేను సమర్థించాను. వీధిలో పిడకలు లేవు. నేను చన్నీళ్లు పోసుకుంటున్నాను. అవతల ఈరప్ప ఇంట్లో రెండు రోజులుగా పొయ్యి రాజలేదని తిరుపతమ్మ చెప్పింది. చెప్పి ఊరుకుందా?

“మీ మంచితనం పాడుగాను. ఒగ ఆడమనిషి కూడు తీసి గుంతలో ఏసి, దాని మీద మన్ను కప్పితిరి” అన్నది.

నాకు కోపం వచ్చింది, కానీ ఎవరిమీద చూపాలో తెలియక గుంత దగ్గరికి పోయి కాసేపు నిలబడ్డాను. అది బాగా మాగుతోంది.

తిరిగి వచ్చేసరికి తిరుపతమ్మ నేను ఆఫీసునుంచి తెచ్చిన ఆ ఉత్తరువు నకలు చేతిలో పట్టుకొని కూడబలుక్కొని చదువుతోంది. ఆమె మూడో తరగతి చదివింది.

“గేదెల పేడ అని రాసుండాదే” అన్నది.

“అవును.”

“మన ఊర్లో గేదెలు యాడుండాయి?”

నేను కాగితం లాక్కొని మళ్లీ చదివాను. కోస్తావారు గేదె అనే జంతువును మా సీమలో ఎనుము అంటాం. ఉత్తరువు రాసినవాడు కోస్తావాడు. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచి మా వీధిలో ఏ ఒక్కరూ గేదె అనే మాట అనలేదు. ఇరవై ఏళ్ల గుమాస్తా జీవితంలో ఇంత చక్కటి న్యాయసూత్రం నాకెన్నడూ తట్టలేదు, ఒప్పుకుంటున్నాను.

మరుసటి పొద్దున సుంకమ్మ గంపతో వీధిలోకి వచ్చింది. కంబన్న అడ్డుపడ్డాడు. తిరుపతమ్మ గడపలో నిలబడి ఉంది.

“ఏమమ్మా, ఉత్తరువు సదివి ఇనిపిస్తి గదా” అన్నాడు కంబన్న.

“అది గేదెలకప్పా. ఇది ఎనుము పేడ” అన్నది సుంకమ్మ.

“రెండూ ఒకటే గదమ్మా.”

“కాయితంలో అట్ల రాసుండాదా?” అన్నది తిరుపతమ్మ.

కంబన్న కాగితం తీసి ముందూ వెనకా చూశాడు. రాసి లేదు. కొత్త ఉద్యోగం, నెలజీతం ఇంకా చేతికి రాలేదు. రాయనిది ఉందని చెబితే రేపు ఎవరడుగుతారో ఏమో! పైవారికి రాసి కనుక్కుంటానన్నాడు. జవాబు వచ్చేదాకా ఎత్తుకొమ్మన్నాడు.

ఇలా పుట్టింది ఆ ఫైలు. విషయం: ఎనుము గేదె అవునా, కాదా? సారవృద్ధి శాఖ పశువైద్యుణ్ణి అడిగింది. ఆయన కొమ్ములు, తోక, గిట్టలు చూసి తీరు ఒకటేనని, పేర్ల సంగతి తన పరిధిలోకి రాదని రాశాడు. న్యాయ సలహాదారు ఇది భాషకు సంబంధించినదన్నాడు. భాషకు సంబంధించినవాళ్లు ఆ డేరాల్లో ఎవరూ లేరు. చివరికి ఎవరో నా పేరు సూచించారు. వారపత్రికలో వ్యాసాలు రాస్తాడు, స్థానికుడు, పైగా పేడలో అనుభవం ఉంది. ఫైలు నా దగ్గరికి వచ్చింది.

పాఠకులారా, నా పరిస్థితి ఊహించండి. ఆదర్శ మానవుడు అబద్ధం రాయొచ్చా? ఎనుమే గేదె, గేదెయే ఎనుము. ఒక్క వాక్యం రాస్తే చాలు, సత్యం గెలుస్తుంది. ఫైలు ఇంటికి తెచ్చి కలం తెరిచాను. సుంకమ్మ గడపలో కూర్చొని నా చేతికేసే చూస్తోంది. తిరుపతమ్మ వసారా స్తంభానికి ఆనుకొని నిలబడింది.

“ఏం రాస్తాండావప్పా?” అన్నది సుంకమ్మ.

“నిజం” అన్నాను.

ఆమె కొంగు సర్దుకుంది. ఖాళీ గంపను దగ్గరికి లాక్కొని ఒళ్లో పెట్టుకుంది. పదిహేనేళ్లలో ఆ గంప అంచు అరిగి నున్నగా అయిపోయింది. నాకు ఏడుపొచ్చినంత పనైంది, నిజం చెబుతున్నాను. ఒక కరపత్రం చదివి ఈ ముసలావిడ నోటి దగ్గరి కూడు తీసేశానే అని సిగ్గేసింది.

అప్పుడు రాశాను. ‘గేదె నల్లగా ఉండును. ఎనుమును నల్లగానే ఉండును. అయినను నల్లగా ఉన్నవన్నియు గేదెలు కాజాలవు. కావున కోస్తాయందు గేదెను, సీమయందు ఎనుమును స్వయముగా దర్శించి పోల్చుటకు ఒక ఉపసంఘము అవసరము.’

నా పాండిత్యానికి అందరూ మెచ్చుకున్నారు. ఉపసంఘం ఏర్పడింది. ముగ్గురు సభ్యులు కోస్తాకు పోయి గేదెను చూశారు, ఇక్కడికి వచ్చేసరికి దాని ముఖం మరచిపోయారు. మళ్లీ పోయారు. ఈసారి ఒక గేదెను వెంట తెచ్చి పక్కపక్కన నిలబెట్టి చూడాలని ప్రతిపాదన. రైల్లో గేదెకు టిక్కెట్టు ఏ తరగతిలో తీసుకోవాలన్న విషయమై ఇంకో ఫైలు నడుస్తోంది. అయిదు నెలలైంది. సుంకమ్మ గంప రోజూ నిండుతోంది. భీమమ్మతో మళ్లీ మాటలు కలిశాయి. కంబన్న సోమన్న కొట్టంలో నీడన కూర్చొని, ఇంకా నిర్ణయం కాని జంతువులను పర్యవేక్షిస్తున్నాడు. వీధి శుభ్రంగా ఉన్నందుకు అతనికి ప్రశంసాపత్రం కూడా వచ్చింది!

చూశారా, ఒక ఆదర్శ మానవుడి వల్ల ఎంతమందికి మేలో! ఒకడికి ఉద్యోగం, ముగ్గురికి రైలు ప్రయాణం, ఒక శాఖకు కీర్తి. అందుకే మీ వీధిలో ఎవడైనా ఉన్నట్టుండి మంచివాడైతే వాడిని ఆపకండి అని రాసి ముగిద్దామనుకున్నాను.

నిన్న పొద్దున సుంకమ్మ పిడకలు ఇవ్వడానికి వచ్చింది. ఆ వేళకే నేను కళ్లజోడు పెట్టుకొని కొత్త కరపత్రం చదువుతున్నాను. జీపు మళ్లీ వచ్చింది. ఈసారి నీళ్ల గురించి. వీధి చివర చేదబావి నీళ్లను ప్రజలు ఇష్టం వచ్చినట్టు తోడి వృథా చేస్తున్నారట. ప్రతి పౌరుడూ పూనుకోవాలట. నాలో మళ్లీ ఏదో కదిలింది. సుంకమ్మకు మొదటి వాక్యం చదివి వినిపించాను.

ఆమె పిడకలు కింద పెట్టింది. చేతులు కొంగుకు తుడుచుకొని, రెండూ జోడించింది.

“అప్పా, నీకు దండం పెడతా. ఇంగ నువ్వు ఏ మంచి పనీ మొదలుపెట్టొద్దు. పేడంటే ఎట్లనో బతికితిమి. నీళ్లు గూడా సర్కారుకు గుర్తు చేస్తే మేం యాడికి పోవల్ల?”